గాలి కారే పెట్టె

కారులో పెట్టే వూఫర్ పెట్టె సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు స్పీకరు అట్టను అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కి పట్టుకోవాలి. రెండోవారు పెట్టె ఒళ్ళంతా సబ్బు నురగ పూయాలి. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ గాలి కారుతున్నట్టు. ఇప్పుడు ఈ పని నేర్చుకునేవాళ్ళు ఫోనులో చూసి మొదటిరోజే ఈ సంగతి తెలుసుకుంటున్నారు. నేను మాత్రం నా మొదటి పెట్టె చేసి, అది ఒక ఇంటిని తలకిందులు చేశాక తెలుసుకున్నాను.

నేను మొదటినుంచీ ఈ పనిలో ఉన్నవాణ్ణి కాదు. చాలా ఏళ్ళు ఒక దినపత్రికకు విశాఖపట్నం వార్తలు రాశాను. లంగరు వేసిన ఓడలు, స్టీలు ప్లాంటు గేటు ముందు ధర్నాలు, తుపాను హెచ్చరికలు, రోడ్డు ప్రమాదాలు. తొంభైల చివర్లో మా ఎడిషన్ మూతపడింది. నలభై దాటిన విలేకరిని పిలిచి ఇంకో పని ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. మా అక్క భర్తకు వన్ టౌన్‌లో కార్ల డెకరేషన్ షాపు ఉండేది. సీటు కవర్లు, అద్దాలకు నల్ల ఫిల్ములు, టేప్ రికార్డర్లు. ఆయన నన్ను బావా అంటాడు, నేనూ ఆయన్ని బావా అంటాను.

"ఇన్నాళ్ళూ ఊళ్ళోవోళ్ళ తగువులు కలిపినావు కదా బావా, ఇప్పుడు కార్ల వైర్లు కలుపు, రా" అన్నాడు.

వైర్లు కలపడం ఆర్నెల్లలో వచ్చేసింది. తగువులకంటే తేలికే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక ఎండాకాలం, జాలరిపేట నుంచి ఒకతను చిన్న వ్యాను వేసుకొచ్చాడు. పాతికేళ్ళు దాటిన మనిషి. వ్యానులో చేపల ట్రేలు వేసుకుని సబ్బవరం దాకా తిరుగుతాడు. వెనకాల పెద్ద వూఫర్ కావాలన్నాడు.

"సెక్కపెట్టె ఎట్టీసినావంటే నాకు రెండు ట్రేలు తగ్గిపోతాయి. సెక్రం మీద గోడుంది సూడు, దానికి అంటుకుపోవాల. ఉన్నట్టు కనపడకూడదు, ఇనపడాల."

"ఫైబరుతో సేసీవొచ్చు. మా బావ సేత్తాడు" అన్నాడు మా బావ, నావైపు చూడకుండా.

నేను చేస్తానన్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

ఫైబర్ పని వచ్చినవాళ్ళు ఊళ్ళో ఎక్కడుంటారో విలేకరిగా నాకు తెలుసు. అప్పటికే చెక్క తెప్పలు తగ్గిపోయి, హార్బరు పక్క షెడ్లలో ఫైబరు బోట్లు పోస్తున్నారు. అక్కడ ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. వేళ్ళ మీద రెసిన్ జిగురు పొరలు పొరలుగా గడ్డకట్టి, గోళ్ళెక్కడో వేళ్ళెక్కడో తెలిసేది కాదు. రోజూ పని అయ్యాక మా షాపుకి వచ్చి నాకు నేర్పడానికి ఒప్పుకున్నాడు. వ్యాను యజమానిని చూడగానే ఆగి, తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఈడి అయ్యకి బోటు నానే పోసినాను బాబూ" అన్నాడు నాతో, అతను పక్కకి వెళ్ళాక. "బోటు అడుగున కాళీలో తెర్మకోలు కూరతాం, మునిగిపోకుండా. అది మునగలేదు. బోర్లాపడి తేలతా ఒచ్చీసింది. ఆడు రాలేదు."

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట, ఎడిషన్ మూతపడడానికి కొన్ని నెలల ముందు, ఆ వార్త రాసింది నేనే. వేటకు వెళ్ళిన మత్స్యకారుడు గల్లంతు, బోటు లభ్యం, గాలింపు కొనసాగుతోంది. నాలుగు లైన్లు. ఆ మర్నాడు ఏం జరిగిందో రాయలేదు. గల్లంతయినవాళ్ళ గురించి మర్నాడు ఎవరం రాసేవాళ్ళం కాదు. దొరికితే వార్త, దొరకకపోతే ఏమీ కాదు.

దొరకని మనిషి ఇంట్లో ఆ తర్వాత ఏం జరుగుతుందో కొడుకు మాటల్లో కొంచెం కొంచెంగా తెలిసింది. రెండేళ్ళయినా తల్లి గాజులు తియ్యలేదు, బొట్టు చెరపలేదు. దినం చెయ్యనివ్వలేదు. శవం రాకపోతే గడ్డిబొమ్మ చేసి కర్మ చేస్తారు. ఆవిడ అదీ వద్దంది. కర్మ జరగనిదే మనిషి లేకుండా తిరిగొచ్చిన బోటుని నీళ్ళలోకి దించరు, వాళ్ళ వీధిలో కట్టుబాటు. అందుకని ఆ బోటు ఇసకలో బోర్లా పడి ఉంది. ఇతను చేపలు పట్టేవాడు కాస్తా చేపలు మోసేవాడయ్యాడు.

"ఈ స్టీరింగు తిప్పడానికేటి నాను పుట్టింది? దినం అయిపోయిందంటే ఆ మర్నాడే బోటు దించుతాను. మా అమ్మ ఒప్పుకోదు. ఒత్తాడంటాది. ఏ ఓడోళ్ళో ఎక్కించుకునుంటారు, ఏ దేశంలోనో దించుంటారు, ఒత్తాడంటాది."

నేను వింటూ రెసిన్ కలుపుతున్నాను. విన్నదాన్ని ఆలోచించలేదు. కొత్త పని చేతిలో ఉన్నప్పుడు మనిషికి చెవులు సగమే పనిచేస్తాయి.

పని ఇలా ఉంటుంది. వ్యాను లోపలి గోడకి ప్లాస్టిక్ కాగితం అంటించి, దాని మీద గాజుపీచు చాప పరిచి, గట్టిపడడానికి హార్డెనర్ కలిపిన రెసిన్ పూస్తారు. అది ఎండాక ఊడదీస్తే గోడ ఆకారం వచ్చేస్తుంది. అది పెట్టెకి వీపు. ముందువైపు స్పీకరు కూర్చునే చెక్క రింగుని పుల్లలతో నిలబెట్టి, సాగే గుడ్డ ఒకటి రింగు మీదుగా వీపు అంచుల దాకా లాగి బిగిస్తారు. గుడ్డకి రెసిన్ తాగిస్తే బిగుసుకుని పెంకు అవుతుంది. తర్వాత లోపలివైపు చాపలు వేసి గట్టిచేస్తారు.

మొదటిసారి హార్డెనర్ ఎక్కువ పోశాను. డబ్బా పొగలు కక్కింది. రెండోసారి భయపడి తక్కువ పోశాను. గుడ్డ మూడు రోజులు జిగురుగా ఉండిపోయింది. పోర్టు నుంచి వచ్చే బొగ్గుధూళి అంతా దాని మీద వాలి నల్లగా పేరుకుంది.

"పేపరోళ్ళు కదా బాబూ, నలుపంటనిదే మీకు పని కాదు" అన్నాడు మేస్త్రీ.

మూడోసారికి సాగే గుడ్డ అయిపోయింది. పాత గుడ్డల మూటలో మిగిలినవన్నీ చీరముక్కలు, లాగితే చిరిగిపోతాయి. ఆ మధ్యాహ్నం వ్యాను యజమాని ఇంటికి వెళ్ళి ఒక టీషర్టు తెచ్చాడు. ముదురు నీలం, దళసరి అల్లిక, మెడ కింద మూడు గుండీలు. ఉతికి మడతపెట్టి ఉంది. మడతల్లో కలరా ఉండల వాసన.

"ఇది బాగా సాగుతాది" అన్నాడు.

మేస్త్రీ దాన్ని చూసి లేచి నిలబడ్డాడు. "ఇది మీ అయ్యది కాదేట్రా?"

"అయ్యదే. ఇంట్లో ఉందంటే మా అమ్మ దాన్ని ఒళ్ళో ఏసుకుని కూకుంటాది. బండిలో ఉంటే నాతో తిరుగుతాడు."

"మీ అమ్మకి సెప్పినావా?"

అతను చొక్కా మడత విప్పి నా చేతిలో పెట్టాడు. మా బావ లోపల్నుంచి, "ఇంకెన్నాళ్ళు బావా ఆ ఒక్క పెట్టి? షాపు ముందర బండి అడ్డం" అన్నాడు. నేను కత్తెర తీశాను.

పక్కలు కత్తిరించి, ముందుభాగం ఒక్కటే రింగు మీద పరిచి లాగాము. చొక్కా ఛాతీ ఛాతీలాగే ఉబ్బి నిలబడింది. స్పీకరు రింగు ఎడమవైపు, గుండె ఉండే చోట పడింది. గుండీలు కోసేశాను. కాజాలు అలాగే ఉన్నాయి. రెసిన్ పూస్తుంటే నీలం నల్లబడి ఒంటికి అంటుకున్నట్టు అయింది. అది పెట్టెలా లేదు. ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు ఉంది. మేస్త్రీ అటు తిరిగి బీడీ వెలిగించబోయి, రెసిన్ దగ్గర వెలిగించకూడదని గుర్తొచ్చి అగ్గిపుల్ల ఆర్పేశాడు. అన్నేళ్ళ పనిలో ఆయన అలా మర్చిపోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

పైన పుట్టీ పెట్టి, అరగదీసి, రంగు వెయ్యాలి. అతను వద్దన్నాడు. చొక్కా కనపడుతూ ఉండాలట. సరేనన్నాను. పుట్టీ లేనప్పుడు సన్నటి కన్నాలు పూడవని అప్పటికి నాకు తెలియదు.

మేస్త్రీకీ తెలియదు. ఆయన బోట్ల మనిషి. బోటుకి శత్రువు నీరు, గాలి కాదు. స్పీకరు రింగుకి చెక్కమూత బిగించి, పెట్టెని హార్బరు దగ్గరకి మోయించి నీళ్ళలోకి తోశాడు. "సముద్రం ఒప్పుకున్నాక ఇంకెవుడు ఒప్పుకోవాల?" అన్నాడు. పెట్టె వెల్లకిలా తేలింది. నీలం ఛాతీ అలకి లేస్తోంది, దిగుతోంది. పక్కన వలలు బాగుచేస్తున్న ఇద్దరు ఆ పని ఆపి చూశారు, తర్వాత లేచి వెళ్ళిపోయారు. ఒక పూట తర్వాత బయటికి తీసి మూత విప్పితే లోపల చెమ్మ లేదు. నేను పాసయ్యానని సంతోషపడ్డాను. నీటికి పైన తేలిన భాగాన్ని ఎవరం పరీక్షించలేదన్న ఆలోచన రాలేదు.

పెట్టె బిగించాము. పాట పెడితే వ్యాను అద్దాలు అదిరాయి. అతను చేతులు రెండూ జోడించి నవ్వాడు.

పది రోజుల తర్వాత పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"బాబూ, డెక్కు ఆపేసినా పెట్టి మాటాడతంది."

"ఏమంటోంది?"

"మాటలు కాదు. ఊపిరి."

మా బావ నవ్వాడు. నేనూ నవ్వాను. అతను నవ్వలేదు. మధ్యాహ్నం దాకా ఉండమన్నాడు. వ్యానుని షాపు ఎదురుగా ఎండలో పెట్టి అద్దాలన్నీ ఎత్తేశాడు. రెండు గంటలకి నన్ను లోపల కూర్చోబెట్టి తలుపు వేశాడు. వన్ టౌన్ వీధి ఆ వేళకి నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఆటోలు కూడా నీడ చూసుకుని ఆగిపోతాయి. లోపల ఉడుకు, ఐసు కరిగిన చేపల నీచు. చెమట కళ్ళలోకి కారుతోంది. ముందు ఏమీ వినిపించలేదు. తర్వాత నా భుజం వెనక, చెవికి జానెడు దూరంలో, ఎవరో మెల్లగా ఊపిరి వదిలారు.

ఆగింది. మళ్ళీ వదిలారు. ఆగింది. నిద్రపోయే మనిషి ఊపిరిలాగే, తొందర లేదు. నేను తిరిగి చూడలేదు. ఎందుకు చూడలేదో ఇప్పటికీ చెప్పలేను. తలుపు తీసుకుని ఎండలోకి వచ్చేశాను.

"ఇప్పుడు వదలతాడు. పొద్దుగూకేటప్పుడు పీలుస్తాడు" అన్నాడు అతను. "మా అమ్మ మొన్న ట్రేలు దించతా ఇనీసింది. సొక్కా గుర్తుపట్టీసింది. నన్ను ఒక్క మాటనలేదు. అప్పుట్నుంచీ రోజూ మద్దేనం ఒకసారి, పొద్దుగూకి ఒకసారి బండెక్కి కూకుంటాది. పెద్దోళ్ళు వచ్చే అమావాస్యకి దినం పెట్టమంటన్నారు. ఈవిడేటంటాదో తెలుసా? ఊపిరున్నోడికి దినమేట్రా అంటాది."

నేను పేపరులో పనిచేసినవాణ్ణి. ఇళ్ళ మీద రాళ్ళు పడుతున్నాయంటే వెళ్ళి రాళ్ళు విసిరేవాణ్ణి పట్టుకుని రాసినవాణ్ణి. కారణం లేకుండా ఉండదనుకున్నాను. ఊపిరికంటే నాకు అది నా చేతిపని అన్నదే ఎక్కువ బాధ పెట్టింది. రెండు రోజులు ఆలోచించి, సైకిల్ షాపువాణ్ణి పంక్చర్ ఎలా పడతాడో చూసి, సబ్బు నురగ సంగతి తెలుసుకున్నాను. మర్నాడు అందరినీ రమ్మన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం షాపు ముందు కొడుకు, మేస్త్రీ, మా బావ, నేను. తల్లిని నేను చూడడం అదే మొదలు. యాభై ఏళ్ళుంటాయి. వ్యాను వెనక సీట్లో, పెట్టె పక్కన, బస్సులో మొగుడి పక్కన కూర్చున్నట్టు కూర్చుని ఉంది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు.

కొడుకు స్పీకరు అట్టను నొక్కి పట్టుకున్నాడు. నేను గిన్నెలో నురగ చేసి బ్రష్షుతో పూసుకుంటూ వచ్చాను. అంచులు, రింగు, పొట్ట. ఎక్కడా ఏమీ లేదు. మెడ దగ్గరకి వచ్చేసరికి, పైగుండీ కాజా ఉన్నచోట, చిన్న బుడగ లేచింది. బఠాణీ అంత అయింది, గోళీ అంత అయింది, పగిలింది. అక్కడే ఇంకొకటి లేచింది. మా బావ రెండడుగులు వెనక్కి వేశాడు.

నేను వివరించాను. చాలా చక్కగా వివరించాను, అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. కాజా దగ్గర రెసిన్ సరిగ్గా పూడలేదు, సూదిమొనంత కన్నం మిగిలింది. అందులో దారప్పోగు ఒకటి మూతలా ఆడుతోంది. ఎండకి లోపలి గాలి వేడెక్కి ఉబ్బి, పోగుని తోసుకుని బయటికి పోతోంది. తోపు తగ్గగానే పోగు మూసుకుంటోంది. అందుకే ఆగి ఆగి వస్తోంది. సాయంత్రం సముద్రపు గాలికి చల్లబడితే బయటి గాలిని లోపలికి లాక్కుంటోంది. అంతే.

ఆవిడ బుడగ పగిలిన చోట వేలు పెట్టి, నురగ తుడిచింది. గడ్డం కింద అన్నం మెతుకు తుడిచినట్టు తుడిచింది.

"ఒగ్గీ బాబూ. కారితే కారనీ."

"అలా ఒగ్గీకూడదు పెద్దమ్మా" అన్నాడు మా బావ. "ఊరంతా మా షాపులో దెయ్యం పెట్లు సేత్తన్నారంటన్నారు."

"పూడ్సీ బాబూ" అన్నాడు కొడుకు. "నీ దండం పెడతాను. అమావాస్య తొమ్మిది రోజులుంది."

ఆవిడ నావైపు చూసింది. బతిమాలే చూపు కాదు. లెక్క అప్పజెప్పే పిల్లవాణ్ణి చూసినట్టు, ఇంకో మెట్టు మిగిలింది కదా, అది కూడా నువ్వే తెలుసుకో అన్నట్టు చూసింది. నాకు అర్థం కాలేదు. మేస్త్రీకి అర్థమైందనుకుంటాను. "బాబూ, రేపు సూద్దాం" అన్నాడు మెల్లగా. నేను వినలేదు. చిటికెడు పుట్టీలో రెసిన్ కలిపి, అగ్గిపుల్లతో ఆ కన్నంలోకి తోసి, వేలితో నునుపు చేశాను. నా మొదటి పెట్టె అప్పటికి పూర్తయింది.

సాయంత్రం దాకా అందరం ఉన్నాము. పొద్దు వాలింది, గాలి తిరిగింది, పోర్టులో ఏదో ఓడ కూత వేసింది. పెట్టె చప్పుడు చెయ్యలేదు. ఆవిడ చాలాసేపు విని, వ్యాను దిగి, చీర దులుపుకుని నడిచి వెళ్ళిపోయింది. కొడుకు వ్యాను వెంట తీసుకెళ్ళినా ఎక్కలేదు.

అమావాస్యకి దినం జరిగింది. ఆ వారమే బోటుని తిరగేసి, పసుపు రాసి, నీళ్ళలోకి దించారని మేస్త్రీ చెప్పాడు. కొడుకే నడుపుతున్నాడు. వ్యాను తల్లి చేతికొచ్చింది. వీధిలో ఎవరో ఒకరు తోలిపెడతారు, ఆవిడ చేపలు అమ్ముకుంటుంది.

ఒకరోజు పొద్దున్న ఆవిడ చేపల గంప దించి షాపు మెట్టు మీద కూర్చుంది. చేతులు బోసిగా ఉన్నాయి. మంచినీళ్ళు అడిగి తాగింది.

"ఆడు ఊపిరి తీత్తన్నాడని నమ్మీసినాననుకున్నావా బాబూ?"

నేను మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చున్నాను.

"బోటుకి సిల్లి పడితే ఎలాగ కూత్తాదో నా సిన్నప్పుట్నుంచీ తెలుసు నాకు. గాలి కారతందని మొదటి రోజే తెలుసు. అది కారినన్నాళ్ళూ దినం నేదు. దినం కానన్నాళ్ళూ బోటు దిగదు. బోటు దిగనన్నాళ్ళూ నా కొడుకు నేల మీదుంటాడు." గ్లాసు బోర్లించింది. "పోయినోడి కోసం కూకున్నానేటి నాను? రెండేళ్ళు ఉన్నోడి కోసం కూకున్నాను. నువ్వు అగ్గిపుల్లతో పూడ్సీసినావు."

గంప ఎత్తుకోవడానికి సాయం పట్టమంది. పట్టాను. తడి గంప బరువు నా చేతుల్లో ఇంకా ఉంది.

ఆ తర్వాత నేను చాలా పెట్టెలు చేశాను. పని బాగా వచ్చింది, పేరు కూడా వచ్చింది. కానీ రోజూ పేపర్లో లోపలి పేజీ ముందు చూసేవాణ్ణి. నాలుగు లైన్ల వార్తలు వెతికేవాణ్ణి.

ఆ ఏడు కార్తీకమాసంలో వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. వేటకెళ్ళిన బోట్లన్నీ వచ్చాయి, ఒకటి రాలేదని మేస్త్రీ కబురు చేశాడు. పేరు చెప్పలేదు. అడగలేదు. రెండో రోజు సాయంత్రం, వాన తెరిపిచ్చాక, జాలరిపేట వెళ్ళాను. ఎందుకు పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నానో తెలియదు. అలవాటు అనుకుందాం.

ఇసక మొదలయ్యే చోట వ్యాను ఆపి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు, జనమంతా నీటి అంచున నిలబడి ఉన్నారు. దగ్గరకి వెళ్తుంటే వినిపించింది. ఊపిరి. ఆగి, మళ్ళీ పీల్చి, ఆగి. వ్యాను అద్దాలు ఎత్తి ఉన్నాయి. నా చేత్తో నేను పూడ్చిన కన్నం అది. ఆ రోజంతా ఎండ పొడ లేదు; లోపలి గాలి వేడెక్కే వీలే లేదు. అయినా తలుపు లాగాను.

ఆవిడ సీటు కింద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. రెండు చేతులతో పెట్టెని పట్టుకుని, చొక్కా మెడ దగ్గర, కాజా మీద, నోరు ఆనించింది. ఊదుతోంది. ఆగుతోంది. పీలుస్తోంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. పెదాలు పాలిపోయాయి. ఎంతసేపటినుంచి అలా ఉందో తెలియదు. నేను వచ్చినట్టు తెలిసినా ఆపలేదు.

కన్నం పూడ్చిన రోజు పడ్డ నిశ్శబ్దం, దాని వెనక వచ్చిన దినం తన ఇంట్లో మళ్ళీ రాకూడదని అంతసేపూ తన ఊపిరి పోస్తోంది.

వేడి గాలి, చల్ల గాలి సంగతి చెప్పలేదు. సంచీలోంచి చేతి డ్రిల్లు తీసి, ఉన్నవాటిలో సన్నటి బిట్టు బిగించాను. ఆవిడ భుజం మీద చెయ్యి వేస్తే కొంచెం జరిగింది. కాజా దగ్గర నా పుట్టీ మచ్చ కనిపిస్తూనే ఉంది. బిట్టు ఆనించి తిప్పాను. తెల్లటి పొడి రాలింది, తర్వాత నీలం దారం ముక్క ఒకటి వచ్చింది. బిట్టు బయటికి లాగాను.

ఇద్దరం చెవులు ఒగ్గి కూర్చున్నాం. అలల హోరులో కొంతసేపు ఏమీ తెలియలేదు. గాలి ఇంకాస్త చల్లబడింది. అప్పుడు, చాలా సన్నగా, పెట్టె తనంతట తాను లోపలికి పీల్చుకుంది.

ఆవిడ వెనక్కి ఒరిగి సీటుకి చేరబడింది. "ఇంక నువ్వెల్లు బాబూ" అంది.

మర్నాడు పొద్దెక్కాక కొడుకు వచ్చాడు. బోటు భీమిలి అవతల రాళ్ళకి కొట్టుకుని పగిలిపోయింది. తెర్మకోలు కూరిన ముక్క ఒకటి పట్టుకుని తేలుతూ ఒడ్డుకి చేరాడు. మేస్త్రీ ఆ మాట విని షెడ్డులో ఒక మూల కూర్చుని చాలాసేపు లేవలేదు. మళ్ళీ బోటు పోయించమని అతను అడగలేదు, మేస్త్రీ పోస్తాననలేదు. వ్యాను స్టీరింగు ముందుకే తిరిగొచ్చాడు.

కన్నం పెట్టాను కాబట్టి వచ్చాడని నేను రాయను. రెండు సంగతులు పక్కపక్కన జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని రాయకూడదు, డెస్కులో మొదటి నెలలోనే నేర్పారు. వ్యాను కొన్నేళ్ళకి పాత ఇనుముకి పోయింది. పెట్టె మాత్రం వాళ్ళింట్లో, పడమటి కిటికీ గూట్లో ఉంది. స్పీకరు అట్ట చివికిపోయిందని ఒకసారి నన్ను పిలిస్తే వెళ్ళి కొత్తది బిగించాను. వైర్లు కలపనక్కర్లేదంది ఆవిడ. గాలి ఆడితే చాలట.

నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి సబ్బు నురగ పరీక్ష మొదటిరోజే చెప్తాను. బుడగ లేస్తే పూడ్చండి, కానీ పూడ్చేముందు పెట్టె ఎవరిదో అడగండి అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను చేసినవాటన్నిటిలోకీ గాలి కారేది అదొక్కటే. కొత్త స్పీకరు బిగించిన రోజు అలవాటుకొద్దీ సబ్బు అడిగాను. ఆవిడ గిన్నె తెచ్చి ఇవ్వబోయి, ఆగి, నా వైపు చూసింది. వద్దులెమ్మని చెప్పి, చేతులు కడుక్కుని వచ్చేశాను.